దూరం ఒకటే, గంటలు మాత్రం వేరు: విమాన ప్రయాణ సమయం ఎలా తేలుతుంది?

జొహానెస్‌బర్గ్‌లో విమానం ఎక్కితే సిడ్నీలో దిగడానికి సుమారు 12 గంటలు పడుతుంది. సిడ్నీలో ఎక్కి జొహానెస్‌బర్గ్‌లో దిగాలంటే సుమారు 14 గంటలు పడుతుంది. రెండు ఊళ్ల మధ్య దూరం అటైనా ఇటైనా దాదాపు 11,000 కిలోమీటర్లే. విమానం అదే, పైలట్ల శిక్షణా అదే. అయినా పోయేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకో లెక్క.

ఇంటర్నెట్‌లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు టైప్ చేస్తే చాలు, ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు అని ఠక్కున జవాబు వస్తుంది. చాలామంది ఆ జవాబును నమ్ముకునే కనెక్టింగ్ ఫ్లైట్ బుక్ చేసుకుంటారు, మందులు వేసుకునే వేళలు లెక్క వేసుకుంటారు, దిగాక ఎవరు ఎప్పుడు రావాలో చెప్పిపెడతారు. అందుకని ఆ అంకెలో ఏముందో, ఏం లేదో తెలుసుకోవడం అవసరం. దూరం అనేది భూమి మీద కొలిచేది. సమయం మాత్రం ఆ రోజు గాలిని బట్టి, ఆకాశంలో ఎటు వెళ్లనిస్తారన్నదాన్ని బట్టి, గేటు దగ్గరా రన్‌వే దగ్గరా గడిచిపోయే నిమిషాలను బట్టి మారుతుంది.

బల్లపరుపు మ్యాప్, గుండ్రటి భూమి

ముందు దూరం సంగతి. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం అని మనకు కనిపించేది సాధారణంగా మహావృత్త దూరం. గ్లోబు మీద రెండు చోట్ల వేళ్లు పెట్టి, మధ్యలో దారాన్ని బిగించి లాగితే ఆ దారం ఎటు పడుతుందో అదే మహావృత్తం మీది దారి. భూమి మీద అంతకంటే దగ్గర దారి లేదు. గోడకు వేలాడే మ్యాప్ మీద గీస్తే మాత్రం అదే దారి విల్లులా వంగిపోయి, చుట్టూ తిరిగి వెళ్తున్నట్టు కనిపిస్తుంది.

తప్పు దారిది కాదు, మ్యాప్‌ది. మనకు బాగా అలవాటైన ప్రపంచ పటం 1569లో మెర్కేటర్ ఓడ ప్రయాణాల కోసం గీసిన పద్ధతిలోది. దిక్సూచి ముల్లు మారకుండా ఒకే దిక్కుకు వెళ్లే దారి ఆ పటం మీద తిన్నటి గీతగా వస్తుంది, నావికులకు కావలసింది అదే. ఆ సౌకర్యం కోసం ధ్రువాల వైపు ఉన్న భూభాగాలను బాగా సాగదీయాల్సి వచ్చింది. అందుకే గ్రీన్‌లాండ్ ఆ పటంలో ఆఫ్రికాతో పోటీ పడుతున్నట్టు ఉంటుంది, నిజానికి ఆఫ్రికా దానికంటే 14 రెట్లు పెద్దది.

ఈ తేడా ఎంత పెద్దదో ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. ఉత్తరాన 60 డిగ్రీల అక్షాంశం మీద రెండు చోట్లు ఉన్నాయనుకుందాం, ఒకటి భూగోళానికి ఈ పక్క, రెండోది సరిగ్గా ఆ పక్క. అక్షాంశ రేఖ వెంట తూర్పుకే పోతూ ఉంటే 10,000 కిలోమీటర్లు వెళ్లాలి. ఉత్తర ధ్రువం మీదుగా అడ్డంగా దాటితే సుమారు 6,670 కిలోమీటర్లు చాలు. మూడో వంతు దూరం అక్కడే తగ్గిపోయింది. లండన్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్నవాళ్లు సీటు ముందున్న స్క్రీన్ మీద విమానం గ్రీన్‌లాండ్ వైపు ఎక్కడం చూసి, అమెరికాకు వెళ్లాల్సింది మంచు ద్వీపానికి ఎందుకు తీసుకెళ్తున్నారని కంగారు పడుతుంటారు. అదే దగ్గర దారి.

లెక్కించే పని కష్టమైందేమీ కాదు. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని, భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న బంతిగా భావించి త్రికోణమితి సూత్రం ఒకటి వేస్తారు. భూమి నిజానికి అచ్చమైన బంతి కాదు. భూమధ్య రేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ నొక్కుడును లెక్కలోకి తీసుకోకపోతే అర శాతం దాకా తేడా రావచ్చు. అంటే 15,000 కిలోమీటర్ల ప్రయాణంలో మహా అయితే 75 కిలోమీటర్లు, ఐదు నిమిషాల పని. రెండు వెబ్‌సైట్లు ఒకే జత ఎయిర్‌పోర్టులకు కొంచెం వేరు వేరు అంకెలు చూపించడానికి ఒక కారణం ఇదే. మైళ్లలో చూపించినప్పుడు ఇంకో చిక్కు ఉంది. పైలట్లు వాడేది నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. మామూలు మైలు దాదాపు 1,609 మీటర్లు. ఏ మైలో చూసుకోకుండా పోల్చితే లెక్క మొత్తం తప్పుతుంది.

భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు కాబట్టి ఏ రెండు ఎయిర్‌పోర్టుల మధ్యా దగ్గర దారి 20,000 కిలోమీటర్లు దాటదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ కెనెడీ ఎయిర్‌పోర్టుకు సుమారు 15,350 కిలోమీటర్లు. మామూలు ప్రయాణికులు టికెట్ కొనుక్కుని ఆగకుండా వెళ్లే విమానాల్లో అతి దూరపు వాటిలో ఇదొకటి.

ఆ గీత మీదే ఎందుకు ఎగరరు?

మహావృత్తం అనేది కాగితం మీది కనిష్ఠ దూరం. అసలు విమానం దానికంటే కొంత ఎక్కువే తిరుగుతుంది. గాలి వాటం ప్రకారం ఏ రన్‌వే మీంచి ఎగరాలో అది ఎగిరి, ఆ తర్వాతే గమ్యం వైపు మళ్లుతుంది. దిగే చోట వరుసలో నిలబడాల్సి వస్తుంది. మధ్యలో సైన్యం వాడుకునే గగనతలం, ఉరుముల మేఘాలు, ఒక దేశపు కంట్రోలర్ల దగ్గర నుంచి ఇంకో దేశపు కంట్రోలర్లకు అప్పగించే నిర్ణీత బిందువులు ఉంటాయి.

రెండు ఇంజన్ల విమానాలకు ఇంకో నియమం ఉంది. ఒక ఇంజన్ ఆగిపోతే మిగిలిన దానితో ఏదో ఒక ఎయిర్‌పోర్టుకు నిర్ణీత సమయంలో చేరుకోగలిగేంత దగ్గరలోనే దారి ఉండాలి. 1953లో అమెరికా ఈ గడువును 60 నిమిషాలుగా పెట్టింది. ఇంజన్ల మీద నమ్మకం పెరిగాక 1985లో 120 నిమిషాల అనుమతి మొదలైంది. ఇవాళ ఎయిర్‌బస్ ఎ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. ఒకప్పుడు సముద్రాల మీద రెండు ఇంజన్ల విమానాలు ద్వీపాలను వెతుక్కుంటూ వంకర టింకరగా వెళ్లింది అందుకే, ఇప్పుడు దాదాపు తిన్నగా వెళ్లగలుగుతున్నదీ అందుకే. దక్షిణార్ధగోళంలో మహాసముద్రాలు విశాలం, ఎయిర్‌పోర్టులు తక్కువ. అక్కడ ఈ నియమం ఇంకా ముఖ్యం.

రాజకీయాలు చేసే మార్పు వీటన్నిటికంటే పెద్దది. హెల్సింకి నుంచి టోక్యోకు రష్యా మీదుగా సుమారు 9 గంటల ప్రయాణం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడింది. ఆ తర్వాత అదే ప్రయాణం సుమారు 13 గంటలకు చేరింది, కొన్ని విమానాలు ఏకంగా ఉత్తర ధ్రువం వైపు నుంచి తిరిగి వెళ్లడం మొదలుపెట్టాయి. కంప్యూటర్‌లో ఆ రెండు పేర్లు కొడితే మాత్రం ఇప్పటికీ అదే పాత దూరం వస్తుంది. ఇది కొత్త అనుభవమూ కాదు. సోవియట్ గగనతలం మూసి ఉన్న రోజుల్లో 1957 నుంచే కోపెన్‌హాగన్-టోక్యో విమానాలు అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి, అక్కడ ఇంధనం నింపుకుని వెళ్లేవి.

గాలే అసలు సంగతి

ఇక మొదట్లో చెప్పిన రెండు గంటల తేడా సంగతి. దాదాపు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, ఉష్ణ మండలానికీ ధ్రువాలకూ మధ్య, పడమటి నుంచి తూర్పుకు సన్నటి నదిలా గాలి పరిగెడుతూ ఉంటుంది. దాని పేరు జెట్ స్ట్రీమ్. గంటకు 200 కిలోమీటర్ల వేగం దానికి మామూలే, ఒక్కోసారి 300 కూడా దాటుతుంది. వేడి ప్రాంతానికీ చలి ప్రాంతానికీ ఉష్ణోగ్రతలో తేడా, భూభ్రమణం, ఈ రెండూ కలిసి దాన్ని పుట్టిస్తాయి. చలికాలంలో ఆ ఉష్ణోగ్రత తేడా పెరుగుతుంది కాబట్టి గాలి జోరూ పెరుగుతుంది.

ఈ గాలిని మొదట క్రమపద్ధతిలో కొలిచినవారిలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి ఒకరు. 1920ల్లో తతెనో దగ్గర బెలూన్లు వదిలి, అవి కొట్టుకుపోయే తీరు చూసి ఆయన పైగాలుల వేగం లెక్కగట్టారు. ప్రపంచమంతా చదవాలనే కోరికతో ఫలితాలను, అన్ని దేశాలవాళ్లూ వాడుకోవాలని కల్పించిన ఎస్పరాంటో భాషలో ప్రచురించారు. ఆ భాష చదివేవాళ్లే తక్కువ కావడంతో ఆ పరిశోధన బయట పెద్దగా ఎవరికీ తెలియలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీద చాలా ఎత్తున ఎగిరిన అమెరికా బాంబర్లు ఆ గాలిలో చిక్కుకున్నాక గానీ దాని బలం అందరికీ అర్థం కాలేదు. ఇంత విలువైన కొలత అన్నేళ్లు మరుగున పడి ఉండటం బాధ కలిగించే విషయం.

విమానం తన చుట్టూ ఉన్న గాలితో పోల్చుకుని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ గాలి మొత్తం గంటకు 150 కిలోమీటర్లతో అదే దిక్కుకు కదులుతుంటే నేల మీద వేగం 1,050 అవుతుంది. ఎదురైతే 750కి పడిపోతుంది. 2020 ఫిబ్రవరిలో కియారా తుపాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటలు దాటే ప్రయాణం అది. దారిలో నేల మీద వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని దాటలేదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం రోజూ ఉండేంతే.

ఇంకా మంచి ఉదాహరణ ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో. ఎయిర్ ఇండియా విమానం అట్లాంటిక్ మీదుగా, పడమటికి, దాదాపు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. 2016 అక్టోబరులో దారి మార్చి పసిఫిక్ మీదుగా, తూర్పుకు, దాదాపు 15,300 కిలోమీటర్లు వెళ్లింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది. సమయం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. ఎదురుగాలిని తప్పించుకుని తోడుగాలిని పట్టుకోవడం వల్ల జరిగిన మేలు అది. దగ్గర దారి, త్వరగా చేర్చే దారి ఒకటే కానక్కర్లేదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

సింగపూర్-న్యూయార్క్ విమానాలదీ ఇదే తీరు. రెండు ఊళ్లూ భూగోళానికి దాదాపు చెరో పక్క ఉన్నాయి కాబట్టి దగ్గర దారి ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. అసలు విమానాలు ఆనాటి గాలిని చూసుకుని పసిఫిక్ వైపో, అట్లాంటిక్ వైపో మళ్లుతుంటాయి. నిజంగా ఎగిరిన దూరం 16,000 కిలోమీటర్లు దాటడం మామూలే.

అట్లాంటిక్ మీద ఈ గాలి లెక్క రోజువారీ పని. కెనడాలోని గాండర్ విమాన నియంత్రణ కేంద్రం, బ్రిటన్ వైపు షాన్విక్ కేంద్రం కలిసి ఆ రోజు గాలులు చూసి వరుసగా కొన్ని దారులు ప్రకటిస్తాయి. పగలు పడమటికి వెళ్లేవాటికి, రాత్రి తూర్పుకు వెళ్లేవాటికి. తూర్పుకు వెళ్లేవి జెట్ స్ట్రీమ్ లోపలికి జొరబడతాయి, పడమటికి వెళ్లేవి దానికి దూరంగా జరుగుతాయి. నిన్నటి దారి ఇవాళ ఉండదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. పోయేటప్పుడు గాలి వల్ల పోయింది వచ్చేటప్పుడు తిరిగి వస్తుంది, రానూ పోనూ కలిపితే సరిపోతుంది అనుకుంటారు. సరిపోదు. 9,000 కిలోమీటర్ల దూరం, 900 వేగం అనుకుంటే గాలి లేని రోజు రానూ పోనూ 20 గంటలు. గాలి గంటకు 100 కిలోమీటర్లు ఉంటే తోడుగా ఉన్నప్పుడు 9 గంటలు, ఎదురైనప్పుడు 11 గంటల 15 నిమిషాలు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉంటుంది కాబట్టి నష్టమే ఎక్కువ.

రెండో అపోహ భూభ్రమణం గురించి. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, గాలిలో ఆగితే గమ్యమే మన దగ్గరకు రావాలి కదా అని పిల్లలే కాదు, పెద్దవాళ్లూ అడుగుతారు. మంచి ప్రశ్నే. జవాబు ఏమిటంటే నేలతోపాటు వాతావరణమూ తిరుగుతోంది, విమానం రన్‌వే మీద ఉన్నప్పుడే ఆ వేగాన్ని తనతో తెచ్చుకుంది. కదిలే రైల్లో పైకి ఎగిరితే వెనక బోగీలో పడం, అలాగే ఇదీ. భూభ్రమణం ప్రభావం ఉంది గానీ నేరుగా కాదు, జెట్ స్ట్రీమ్‌ను పుట్టించడం ద్వారా.

వేగం ఎందుకు పెంచరు?

11 కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 56 డిగ్రీలు. అంత చలిగాలిలో ధ్వని వేగం గంటకు 1,060 కిలోమీటర్లే. పెద్ద విమానాలు అందులో 85 శాతం దగ్గర, అంటే గంటకు 900 కిలోమీటర్ల దగ్గర స్థిరపడతాయి. అది దాటితే గాలి నిరోధం ఒక్కసారిగా పెరిగి ఇంధనం ఖర్చు తడిసి మోపెడవుతుంది. 1958లో ప్రయాణికులను ఎక్కించుకున్న బోయింగ్ 707 కూడా ఇంచుమించు ఈ వేగంతోనే ఎగిరింది. ఇన్ని దశాబ్దాల్లో విమానాలు నిశ్శబ్దమయ్యాయి, తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం వెళ్తున్నాయి, వేగం మాత్రం పెరగలేదు. సోవియట్ టీయూ-144 కొద్దికాలం నడవడం మినహా, కాంకార్డ్ విమానం ఒక్కటే ఆ గోడ దాటింది. 1996లో న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో వచ్చింది. 2003లో అది ఆగిపోయాక ప్రయాణికులకు ధ్వనిని మించిన వేగం మళ్లీ అందుబాటులోకి రాలేదు.

అతి దూర ప్రయాణాల్లో ఇంధనం బరువే పెద్ద సమస్య. సింగపూర్-న్యూయార్క్ తిరిగే ఎ350-900 యూఎల్‌ఆర్ (అతి దూరం వెళ్లేలా చేసిన రకం) 1,65,000 లీటర్ల ఇంధనం నింపుకోగలదు, అంటే దాదాపు 130 టన్నులు. విమానం గరిష్ఠ బరువు 280 టన్నులు. మొత్తంలో సగానికి దగ్గరగా ఇంధనమే అన్నమాట. చివరి గంటల్లో కాల్చాల్సిన ఇంధనాన్ని మొదటి గంటల్లో మోయడానికే ఇంకొంత ఇంధనం కాలుతుంది. అందుకే ఆ విమానంలో సీట్లు 161 మాత్రమే, మామూలు ఎ350-900లో 300 దాకా ఉంటాయి. బయలుదేరినప్పుడు బరువు ఎక్కువ కాబట్టి ఒకేసారి పైకి వెళ్లలేదు, ఇంధనం కరిగేకొద్దీ మెట్టు మెట్టుగా ఎక్కుతుంది.

టికెట్ మీది గంటలు

టికెట్ మీద రాసే సమయం గాలిలో ఉండే సమయం కాదు. గేటు నుంచి కదిలిన నిమిషం మొదలు, అవతల గేటు దగ్గర ఆగే నిమిషం దాకా. రద్దీ ఎయిర్‌పోర్టులో రన్‌వే దాకా పాకడానికే అరగంట పట్టవచ్చు. ఆలస్యాలు లెక్కకు రాకుండా ఎయిర్‌లైన్స్ కొన్ని నిమిషాలు అదనంగా కలుపుకోవడమూ ఉంది. పైలట్ "20 నిమిషాలు ముందే వచ్చేశాం" అని ప్రకటించడంలో ఆ అదనపు నిమిషాల వాటా ఉంటుంది. ఒకే జత ఊళ్లకు చలికాలంలో ఒక సమయం, వేసవిలో ఇంకో సమయం ముద్రించడమూ మామూలే, కారణం మళ్లీ ఆ గాలే.

దూరం తెలిస్తే సమయాన్ని మనమే అంచనా వేసుకోవచ్చు. కిలోమీటర్లను 850తో భాగించి 35 నుంచి 40 నిమిషాలు కలిపితే చాలు. టోక్యో-లాస్ ఏంజెలెస్ దాదాపు 8,800 కిలోమీటర్లు, ఈ లెక్కన 11 గంటలు. అసలు షెడ్యూల్ తూర్పుకు సుమారు 10 గంటలు, పడమటికి సుమారు 11 గంటల 45 నిమిషాలు. అంటే తూర్పు-పడమర దూర ప్రయాణాల్లో అంచనా నుంచి ఒక వైపుకు దాదాపు గంట తీసేసి, రెండో వైపుకు గంట కలుపుకోవాలి. ఉత్తర-దక్షిణ ప్రయాణాల్లో, భూమధ్య రేఖకు దగ్గరి దారుల్లో ఈ తేడా చాలా తక్కువ. మధ్యలో ఆగే ప్రయాణమైతే ప్రతి ముక్కకూ విడిగా లెక్క వేసి, ఆగే సమయం కలపాలి. మొత్తం దూరాన్ని ఒకేసారి 850తో భాగిస్తే ఎక్కడం దిగడం రెండోసారి లెక్కలోకి రాదు.

గడియారంతో వచ్చే గందరగోళం చివరిది. బయలుదేరే సమయం, చేరే సమయం ఎక్కడివి అక్కడి స్థానిక సమయాల్లో రాస్తారు. రెండింటి తేడా తీసి అదే ప్రయాణ సమయం అనుకుంటే తప్పు. టోక్యోలో సాయంత్రం 5 గంటలకు బయలుదేరి 10 గంటలు ఎగిరితే లాస్ ఏంజెలెస్‌లో చలికాలంలో అదే రోజు ఉదయం 10 అవుతుంది. కాగితం మీద చూస్తే ఎక్కకముందే దిగినట్టు ఉంటుంది. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటారు. తిరుగు ప్రయాణంలో ఉదయం 11కి బయలుదేరితే మర్నాడు మధ్యాహ్నం 3:45కి టోక్యో చేరతారు. పడక మీద ఒక్క రాత్రి కూడా గడవకుండానే క్యాలెండర్‌లో రోజు మారిపోతుంది. రెండు సమయాలనూ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి, మార్చి తీసివేస్తే అసలు గంటలు బయటపడతాయి. టోక్యో సాయంత్రం 5 అంటే యూటీసీ ఉదయం 8, లాస్ ఏంజెలెస్ ఉదయం 10 అంటే యూటీసీ సాయంత్రం 6, తేడా 10 గంటలు. వేసవిలో కొన్ని దేశాలు గడియారాన్ని గంట ముందుకు జరుపుతాయి, జపాన్ జరపదు, కాబట్టి ఇదే విమానం వేసవిలో 11 గంటలకు దిగినట్టు కనిపిస్తుంది.

టికెట్ మీద చేరే సమయం పక్కన చిన్న అక్షరాల్లో +1 అని ఉంటే మర్నాడు అని, +2 అని ఉంటే ఆ మర్నాడు అని అర్థం. ఎయిర్‌పోర్టుకు ఎదురు రావాల్సినవాళ్లకు ఫోన్‌లో సమయం ఒక్కటే చెబితే సరిపోదు, అక్కడి తేదీ కూడా కలిపి చెప్పాలి.